వెనక సీటు ట్రయల్

ఆమెకు అంగుళం అని పేరు పెట్టింది మొగుడే. మనిషి పొట్టిది కాబట్టి పెట్టాడని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరే. బండి సీట్లు కుట్టడం ఆమె పని. కుట్టిన సీటు మీద బండి గలాయనను కూర్చోబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూసి, "ఒక్క అంగుళం తియ్యాలి" అనో, "ఒక్క అంగుళం పెంచాలి" అనో అంటుంది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి కూర్చోగానే సరిపోయిన సీటు ఒక్కటీ లేదు. పొట్టితనం ఆ పేరుకి తర్వాత కలిసొచ్చింది, అంతే.

షాపు ఒకటే, పనులు రెండు. మధ్యలో పాత రెక్సిన్ పరదా. ఇటు కుట్టుమిషను, ఫోమ్ దిమ్మలు, జిగురు డబ్బా, ఆమె. అటు స్పానర్లు, ఆయిలు మరకలు, విప్పిన ఇంజన్లు, ఆయన. ఆయనను అందరూ మేస్త్రీ అంటారు. ఆయన దగ్గరికి వచ్చేవన్నీ అడవి గార్డులూ, కరెంటు లైన్‌మెన్లూ, సర్వేయర్లూ తిరిగే ఎత్తు బండ్లు. లైట్లు, అద్దాలు, నంబరు ప్లేటు ఉంటాయి కాబట్టి రోడ్డు మీద పోలీసు ఆపడు. గరుకు టైర్లు, పొడుగాటి షాకులు ఉంటాయి కాబట్టి రాళ్లలోనూ ఆగవు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు గానీ, ఈ బండ్లు పుట్టిందే అందుకు.

ఇద్దరి పనిలోనూ ఉన్న మాట ఒకటుంది: ట్రయల్. ఆమె ట్రయల్ అంటే కుట్టిన సీటు మీద మనిషిని కూర్చోబెట్టి చూడటం. ఆయన ట్రయల్ అంటే బాగుచేసిన బండిని వెనక గుట్ట మీదికి ఎక్కించి తీసుకురావడం. కొంతదూరం తారు రోడ్డు, తర్వాత కంకర, ఆపైన ఉత్త రాళ్ల దారి, చిట్టచివర పైకప్పు కూలిన కాపలా గది. అక్కడిదాకా వెళ్లొస్తే బండి తన కడుపులో ఉన్నదంతా కక్కేస్తుందని ఆయన నమ్మకం. "తారు మీద అందరూ మంచివాళ్లే" అనేవాడు, బండ్లనీ మనుషులనీ కలిపి.

పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె తనూ వస్తానంది. "ట్రయల్‌కి ఇద్దరెక్కితే ఇంజను మాట వినపడదే" అన్నాడు. ఆమెకు మనసు చివుక్కుమంది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు, ఆయనా పిలవలేదు.

ఇన్నేళ్ల తర్వాత మేస్త్రీకి పక్క చూపు పోయింది. స్పానరు మోకాలి పక్కనే పెట్టుకుని షాపంతా వెతికేవాడు. తలుపు అంచులకి భుజాలు కొట్టుకునేవాడు. కళ్ల డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు, గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది, ఇక బండి నడపకూడదు అన్నాడు. "ఆ ఎదురుగా ఉన్నదైనా ఎన్నాళ్లు కనిపిస్తుంది?" అని ఆమె అడిగింది. డాక్టరు తల ఎత్తకుండా చీటీ రాస్తూ ఉండిపోయాడు.

ఇంటికి రాగానే మేస్త్రీ చాక్‌పీసు తీసుకుని షాపు బయట బోర్డు మీద రాశాడు: కొత్త బండ్లు తీసుకోబడవు.

"షెడ్డులో ఏడు బండ్లున్నాయి. అవి అయిపోగానే మూసేస్తున్నా" అన్నాడు.

"చేతులున్నాయి, చెవులున్నాయి. ఎదురుగా పెట్టుకుంటే పని కనిపిస్తూనే ఉంది. మూయడం దేనికండీ?"

"ట్రయల్ ఎవరు వేస్తారు?"

"లైన్‌మెన్లలో ఎవరో ఒకరు తిప్పి తెస్తారు."

"తిప్పి తెచ్చి, బాగుంది మేస్త్రీ అంటాడు. ఆ బాగుందిని నేనేం చేసుకోను? బండి రాళ్లెక్కేటప్పుడు నా చెవి దాని మీద ఉండాలి. ట్రయల్ చూడని బండి నేనివ్వను."

"అయితే వాళ్ల వెనక కూర్చుని వెళ్లండి."

"ముప్పై ఏళ్లు హ్యాండిలు పట్టుకున్నాను. ఇప్పుడు ఎవడి వెనకో మూటలా కూర్చోమంటావా?"

అంతటితో మాటలు తెగిపోయాయి. ఒక్కో బండీ పూర్తవుతుంటే, "ట్రయల్ మీరే చూసుకోండి" అని తాళం బండి గలాయన చేతిలో పెట్టి, మొహం తిప్పుకుని లోపలికి వచ్చేసేవాడు. ఏడు ఆరయ్యాయి. అన్నం దగ్గర కూడా పలకడం మానేశాడు. పనిలేని మేస్త్రీని ఊహించుకుంటే ఆమెకు భయం వేసింది. చూపు పోతే పట్టుకుని నడిపించొచ్చు. పని పోతే ఈ మనిషిని ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు తెలియదు.

ఎవరి వెనకో కూర్చోడు, సరే. పెళ్లాం వెనకైతే? ఆ ఆలోచన రాగానే ఆమెకే నవ్వొచ్చింది. అయినా మర్నాడు పొద్దున్నే తన స్కూటరు వేసుకుని గుట్టకేసి వెళ్లింది. కంకర మొదలైన చోట వెనక చక్రం గిర్రున తిరిగింది, స్కూటరు మాత్రం అంగుళం కదల్లేదు. తోసుకుంటూ తిరిగొచ్చి, స్నానం చేసి, మెడలో టేపు అలాగే వేసుకుని బండ్ల షోరూముకి బయల్దేరింది.

"సార్ కోసమా అమ్మా?" అన్నాడు సేల్స్‌మన్.

"నా కోసమే."

అతను వెంటనే ఒక ఎర్ర స్కూటరు దగ్గరికి తీసుకెళ్లి దాని డిక్కీ ఎంత పెద్దదో చెప్పసాగాడు. ఆమె అతణ్ణి డిక్కీ దగ్గరే వదిలేసి చివరి వరసలో ఉన్న ఎత్తు బండ్ల దగ్గరికి నడిచింది. టేపు తీసింది. నేల నుంచి సీటుకి ముప్పై అయిదు అంగుళాలు. తన కాలు ఇరవై ఏడు. మధ్యలో ఎనిమిది. ఆమె లెక్కలో అది ఎనిమిది ట్రయళ్ల దూరం.

సేల్స్‌మన్ పరుగున వచ్చి పెద్ద బండి చూపించాడు. వెడల్పు ట్యాంకు, ముందు గాలి అద్దం, మెత్తటి సీటు. "కూర్చుంటే సోఫాలా ఉంటుందమ్మా." దాని పక్కనే బక్కపలచటిది ఒకటుంది, సీటు చెక్కలా గట్టిగా ఉంది. దాన్ని మాత్రం చూపించలేదు.

"సీటు సంగతి నాకొదిలెయ్యండి. ఈ రెండింటినీ పడుకోబెట్టండి" అంది.

"ఎక్కడమ్మా?"

"నేల మీద. నేను నేర్చుకునేటప్పుడు పడతాను. పడ్డాక లేపగలనో లేదో ఇప్పుడే చూసుకోవాలి కదా."

అతను కొత్త బండ్లను పడుకోబెట్టడం కుదరదన్నాడు. ఆమె అక్కడే స్టూలు వేసుకుని కూర్చుంది. చివరికి జనానికి నడిపి చూపించడానికి ఉంచిన పాత బండ్లు రెండు తెచ్చి, పాత దుప్పటి పరిచి పడుకోబెట్టాడు. పెద్దదాన్ని మూడుసార్లు ప్రయత్నించింది, అది దుప్పటి మీద హాయిగా పడుకునే ఉంది. బక్కదాని దగ్గర వెనక్కి తిరిగి, నడుము సీటుకి ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక ఇనుప పట్టీ పట్టుకుని, కాళ్లతో నేలని తన్ని లేచింది. బండి కూడా లేచింది. షాపులో రెక్సిన్ చుట్టలు మోసిన కాళ్లవి.

"ఇదే" అంది.

"ఇరవై ఏళ్లుగా అమ్ముతున్నానమ్మా, పడుకోబెట్టి కొన్నవాళ్లని చూడలేదు" అన్నాడు సేల్స్‌మన్.

బండి ఇంటికొచ్చినప్పుడు మేస్త్రీ తల ఇటూ అటూ తిప్పుతూ, తన గొట్టంలోకి బండి ముక్కలు ముక్కలుగా వచ్చేలా, దాని చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద చెయ్యి వేశాడు. "ఎవరిది?" అన్నాడు.

"నాది."

"నీకు కాళ్లందవు" అనేసి పరదా అవతలికి వెళ్లిపోయాడు.

మేడ మీది గదిలో ఆయన అక్క ఉంటుంది. లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో జరిగేదంతా మెట్ల మీద కూర్చుని దిద్దుతూ ఉంటుంది. "అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు. మా మరదలికి తన కాళ్లే అందడం లేదు, ఇంక ఎవరి జుట్టు పట్టుకుంటుందో!" అంది.

"మీ తమ్ముడి జుట్టే పట్టుకుందామని చూస్తున్నా వదినా" అంది అంగుళం.

"వాడికి జుట్టెక్కడ మిగిలిందే!"

ఆ మధ్యాహ్నమే సీటు విప్పి, ముందు భాగంలో ఫోమ్ రెండంగుళాలు కోసేసింది. అంచులు లోపలికి చెక్కి సన్నం చేసింది, తొడలు ఎడం కాకుండా ఉంటే కాలు కాస్త కిందికి దిగుతుంది. కోసిన ముక్కలు పారేయకుండా మిషను కింద దాచిపెట్టింది. మునివేళ్లు అందుతున్నాయి. మడమలు మాత్రం గాల్లోనే.

రోజూ తెల్లవారగానే మూతపడిన ఇటుకల బట్టీ వెనక ఖాళీ స్థలంలో నేర్చుకోవడం. మొదటిరోజు నాలుగుసార్లు పడింది, నాలుగుసార్లూ లేపింది. మోచేయి కమిలింది. ఆగినప్పుడల్లా రెండు కాళ్లూ నేల కోసం వెతికేవి, అవి వెతికేలోపు బండి ఒరిగిపోయేది. షాపు ముందు బండి తీసేటప్పుడు క్లచ్చు తప్పుగా వదిలితే పరదా అవతల ఒక దగ్గు వినిపించేది. సరిగ్గా వదిలితే దగ్గు ఉండేది కాదు. మాటలు లేని ఆ ఇంట్లో ఆ దగ్గే ఆమెకు పాఠం.

షెడ్డులో బండ్లు మూడుకి దిగాయి.

ఒకరోజు బండి ఎక్కితే అరికాళ్లు సగందాకా ఆనాయి. ఆమెకు ఆశ్చర్యం, ఆ వెంటనే గర్వం. "సాధన వదినా, సాధన! కాళ్లు పొడుగైనట్టుంది" అంది మెట్ల వైపు చూసి. "ఈ వయసులో పెరిగితే పక్కలకే గానీ పొడుగుకి కాదు" అంది వదిన.

ఆ రోజు తిరిగొచ్చి, పక్క స్టాండు వేసి, మంచినీళ్ల కోసం నాలుగడుగులు వేసిందో లేదో, వెనక దభీమని చప్పుడు. బండి పడి ఉంది. పడటం కొత్తేమీ కాదు. పడిన వైపే కొత్త. స్టాండు ఎడమవైపు ఉంటుంది, బండి ఎప్పుడూ దాని మీదికే వాలి నిలబడుతుంది. ఇది కుడివైపు పడింది.

లేపి, మళ్లీ స్టాండు వేసి చూసింది. బండి వాలకుండా కర్రలా నిటారుగా నిలబడింది. చిటికెన వేలితో తోస్తే అటు పడేలా ఉంది. టేపు తీసి కొలిచింది. సీటు ఎత్తు తను కోసిన లెక్క కంటే ఇంకో అంగుళంన్నర తక్కువ. వంగి చూస్తే ముందు చక్రం ఫోర్కులు బిగింపుల్లోంచి పైకి జరిపి ఉన్నాయి, వెనక షాకుని చక్రానికి కలిపే లింకు ముక్క మారింది. బండి మొత్తం కిందికి దిగింది, స్టాండు మాత్రం పాత పొడుగులోనే ఉంది. వాలడానికి చోటు లేక బండి అటు పడింది.

పరదా పక్కకి లాగింది. ఆయన ఎదురుగా కార్బ్యురేటరు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"లింకు ఎవరు మార్చారు?"

ఆయన కార్బ్యురేటరు కింద పెట్టాడు. తర్వాత, "స్టాండు కొయ్యడం మర్చిపోయాను" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "పక్కనున్నది నాకెక్కడ కనపడుతుంది!" అన్నాడు.

కళ్ల జబ్బు వచ్చాక ఆయన వేసిన మొదటి జోకు అది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, నవ్వుని ముందు రానిచ్చింది.

"నాకో మాట చెప్పొచ్చు కదండీ."

"సీటు రెండంగుళాలు కోసినప్పుడు నువ్వు చెప్పావా?"

ఇద్దరూ పనివాళ్లే. ఇద్దరూ ఒకే కాళ్ల కోసం, ఒకరికి తెలియకుండా ఒకరు, బండిని కిందికి దించేశారు. ఆయన లేచి వచ్చి బండి పక్కన కూలబడి, ఇంజను కింద రేకుని వేళ్లతో తడిమాడు. బట్టీ దగ్గర ఇటుక ముక్కలకే అది గీరుకుపోయి ఉంది.

"నాదే తప్పు. దించకూడదు. ఇలాగే వెళ్తే గుట్ట మీద మొదటి రాయికే దీని కడుపు పగులుతుంది. అయినా వచ్చే బండ్లన్నీ ఎత్తువే. అన్నిటినీ నీ కాళ్ల కోసం కోసుకుంటూ కూర్చుంటామా?"

వచ్చే బండ్లు. బయట బోర్డు మీద కొత్త బండ్లు తీసుకోబడవని ఉంది. ఆమె ఆ మాట విన్నది, కానీ పట్టుకోలేదు. పట్టుకుంటే వెనక్కి తీసుకునే రకం ఆయన.

సాయంత్రానికి లింకు పాతది వచ్చింది, ఫోర్కులు మళ్లీ కిందికి దిగాయి, బండి లేచి తన ఎత్తులో తను నిలబడింది. "సీటు కూడా నింపెయ్" అన్నాడు. "కోసిన ఫోమ్‌కి వేరే పని ఉంది" అంది ఆమె. ఆయన రెట్టించలేదు. హ్యాండిలు పట్టుకుని ఆమెను ఎక్కించాడు.

"రెండు కాళ్లూ దేనికే నీకు? ఆగేటప్పుడు ఒక్కటి చాలు. ఎడమ తుంటి సీటు మీంచి పక్కకి జార్చు. ఆ, అలా. ఎడమ కాలు దానంతటదే దిగుతుంది. కుడికాలు బ్రేకు మీదే ఉంచు. నేల కోసం వెతక్కు, అదే వచ్చి కాలికి తగులుతుంది."

తగిలింది. బూటు అడుగంతా నేలకి ఆనింది. ఇన్నాళ్లూ ఎనిమిది అంగుళాలని టేపుతో కొలిచి కుమిలిపోయిందే గానీ, పక్కకి జరగొచ్చని ఆ టేపు చెప్పలేదు.

ఇంకో రెండు వారాల్లో ఆమె కంకర దాకా ఒక్కతే వెళ్లి రావడం నేర్చుకుంది. తర్వాత రాళ్లు, తర్వాత కాపలా గది కింది మలుపు. పైదాకా మాత్రం వెళ్లలేదు. ఆయన లేకుండా అక్కడికి వెళ్లబుద్ధి కాలేదు. షెడ్డులో ఒకే ఒక్క బండి మిగిలింది, అదీ దాదాపు పూర్తయింది. "నా వెనక రండి" అని రెండుసార్లు అడిగింది. ఒకసారి "చూద్దాంలే" అన్నాడు. రెండోసారి వినిపించనట్టు ఊరుకున్నాడు. చెవులు అంత బాగా పనిచేసే మనిషికి వినిపించకపోవడం ఏమిటి?

అప్పుడు ఆమెకు అడగాల్సిన మాట తట్టింది. మర్నాడు పొద్దున్న పరదా తీసి, "ఒక ట్రయల్ ఉంది, రండి" అంది.

"ఎవరిది?"

"నా బండికి వెనక సీటు కొత్తగా కట్టాను. మీ ఎత్తు, మీ బరువు ఉన్న మనిషి కూర్చుంటే గానీ ఫోమ్ ఎంత అణుగుతుందో తెలియదు."

"అక్కని కూర్చోబెట్టు."

"నేనెక్కితే అణిగేది ఫోమ్ కాదురా, బండి!" అంది వదిన మెట్ల మీంచి.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక సీటు మీద కూర్చున్నాడు. "బానే ఉంది" అని దిగబోయాడు.

"నిలబడ్డ బండి మీద బానే ఉందంటే సరిపోతుందా? తారు మీద అందరూ మంచివాళ్లే. రాళ్లలో అణగాలి. ట్రయల్ చూడని సీటు నేనివ్వను."

ఆయన దిగబోయిన కాలు మళ్లీ పైకి పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా తను జనానికి చెప్పిన మాటలే అవి. హెల్మెట్ కోసం చెయ్యి చాచాడు. చాచిన చేతికి సరిగ్గా ఎదురుగా ఆమె దాన్ని పట్టుకుని ఉంది.

తారు రోడ్డు ఎక్కారు. ఆయన చేతులు వెనక ఇనుప పట్టీని బిగించి పట్టుకుని ఉన్నాయి. ఆ బిగువు ఆమెకు వీపు మీద తెలుస్తోంది. కంకర దాటాక రాళ్లు మొదలయ్యాయి. ఒక్కతే పడితే మోచేయి కమిలేది, ఇప్పుడు పడితే ఆయన మళ్లీ బండెక్కడు. ఏటవాలు దగ్గర ఇంజను ఆగిపోయింది. ఎడమ తుంటి జార్చింది. కాలు నేలకి తగిలింది. బండి ఒరగలేదు. వెనక నుంచి దగ్గు కూడా రాలేదు. మళ్లీ స్టార్టు చేసి, మొదటి గేరులో మెల్లగా లాగించింది.

మలుపు తిరిగాక ఆయన ఒక్కసారిగా కదలడం మానేశాడు. భయపడ్డాడేమో అనుకుంది.

"ఏమే" అన్నాడు.

"ఊఁ?"

"దారి కనిపిస్తోంది."

ఆమె కళ్లు రాళ్ల మీదే ఉంచింది.

"మొత్తం కనిపిస్తోంది. ఆ తెల్ల రాయి దాకా. దాని పైన గది గోడ. ఇన్ని నెలలుగా ఈ గొట్టంలో ఏది చూసినా ముక్కు ముందున్నదే, నట్టో, గ్లాసో, గోడో. దూరంగా చూస్తే ఇంత పడుతుందని తెలియలేదు. వెనక కూర్చుంటే నీ తలే కనిపిస్తుంది, ఇంకేం చూస్తానులే అనుకున్నాను."

"నా తల ఇన్నేళ్లలో ఎవరికి అడ్డమొచ్చింది?" అంది ఆమె. వెనక సీటు కట్టేముందు, ఆయన పనిలో ఉన్నప్పుడు, స్టూలు మీంచి ఆయన కళ్ల దాకా కొలిచింది. తన హెల్మెట్ ఎత్తు కొలిచింది. తన కింద కోసిన రెండంగుళాలూ, పైన ఇంకో రెండూ కలిపి ఆయన కింద వేసింది. ఇవేవీ చెప్పలేదు. హ్యాండిలు వదలకుండా కళ్లు తుడుచుకోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు కాబట్టి, తుడుచుకోకుండానే నడిపింది. కాసేపటికి ఇనుప పట్టీ వదిలి ఆయన చేతులు ఆమె భుజాల మీదికి వచ్చాయి.

పైన కాపలా గదిలో మూడు గోడలు, ఒక విరిగిన బల్ల తప్ప ఏమీ లేవు. ఇన్నేళ్లూ ఇందులో ఏముందోనని ఊరికే ఉక్రోషపడింది. ఆయన దిగీ దిగగానే ఇంజను పక్కన వంగి, "చైను వదులుగా ఉంది. వాల్వు ఒకటి బిగుతు. మూడో మలుపు దగ్గర విన్నాను" అన్నాడు.

"ట్రయల్‌కి ఇద్దరెక్కితే ఇంజను మాట వినపడదన్నారుగా?"

"ఎవరన్నారు?"

"మీరే. పెళ్లయిన కొత్తలో."

ఆయన చేతికంటిన ఆయిలు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "అప్పుడు నాకు చెవులు సరిగ్గా ఉండేవి కావులే" అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, "దిగగానే ఆ బోర్డు తుడిచెయ్యాలి. చాక్‌పీసుతోనే రాశాను" అన్నాడు.

ఆమె తల ఊపింది. మెడలోంచి టేపు తీసి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి సీటు వైపు చూసింది. "ఇంతకీ వచ్చింది సీటు ట్రయల్‌కి. చెప్పండి, ఒక్క అంగుళం తియ్యాలా, పెంచాలా?"

మేస్త్రీ మొదట సీటు వైపు చూశాడు. తర్వాత తల మెల్లగా తిప్పుతూ వచ్చి, ఆమె తన చూపు మధ్యలోకి రాగానే ఆపాడు.

"ఏమీ తియ్యకు, ఏమీ పెంచకు" అన్నాడు. "అంగుళం ఎంతుందో అంతే ఉండాలి."